జవాబుల పేజీకి రబ్బరు బ్యాండు

ఆ రోజుల్లో ఉద్యోగం పోవడం జలుబు చేసినంత మామూలు. ఐర్లాండులో మాంద్యం వచ్చింది, గాల్వేలో మా కంపెనీ మూతపడింది, అప్పుడప్పుడే సాఫ్ట్‌వేర్‌లో కుదురుకుంటున్న నేను రోడ్డున పడ్డాను. వర్క్ పర్మిట్ గడువులోగా ఇంకో కొలువు దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. అప్పుడు ఆదుకుంది డాక్టరక్క (వరంగల్ మనిషి, గాల్వేలోనే ఆసుపత్రిలో పని, నాకు చుట్టమేమీ కాదు). "ఊకె కూసునుడెందుకు తమ్మీ, నాకు డ్యూటీ ఉన్నప్పుడు మా చిన్నదాన్ని చూస్కో, ఈడనే తిను" అంది.

చిన్నదానికి ఆరేళ్లు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం గాల్వే యాస ఇంగ్లీషులోనే. లైబ్రరీ నుంచి తెచ్చుకునే బొమ్మల డిటెక్టివ్ కథలంటే దానికి ప్రాణం. బొమ్మల్లో ఆనవాళ్లు దాచి, దొంగెవరో మనల్నే కనుక్కోమంటాయవి. మొదటి రోజు కేకు దొంగతనం కథ ఒకటి నా చేతిలో పెట్టింది. నేను నిశ్చింతగా చివరి పేజీ తిప్పి, "పోస్ట్‌మ్యాన్" అన్నాను. (గైడ్లు చదివి ఇంజనీరైనవాణ్ణి, ఏ పుస్తకమైనా వెనకనుంచే మొదలుపెట్టేవాణ్ణి.) పిల్ల నన్నే దొంగను చూసినట్టు చూసి, "యూ కాంట్ డూ దట్, అంకుల్" అంది. మర్నాటి నుంచి పుస్తకం ఇచ్చే ముందు తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి జవాబుల పేజీలకు బిగించేది. ఇక నా పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒక కథలో మూతి ముడుచుకుని ఉందని దుకాణదారు భార్యను అనుమానించాను. "షీ ఈజ్ జస్ట్ టయర్డ్. లుక్ ఎట్ ద అంబ్రెల్లాస్" అంది పిల్ల. అందరి గొడుగులూ తడిసి ఉన్నాయి, ఒకడిది మాత్రం పొడిగా ఉంది. వాడు బయటికే వెళ్లకుండా వెళ్లానని బొంకాడన్నమాట. గాల్వేలో ఉంటూ వానను మరిచిపోవడం నాకే చెల్లింది.

ఇంతలో షానన్ అనే వేరే ఊళ్లో ఇంటర్వ్యూ వచ్చింది. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. అంతకుముందువన్నీ ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి వెళ్లి పోగొట్టుకున్నవే. గడువు దగ్గరపడింది, ఇది కూడా పోతే ఇక విమానమే. వాళ్లు కంప్యూటరు తెర బొమ్మ ముద్రించిన కాగితం నా ముందుంచి, ఇందులో తప్పేమిటని అడిగారు. నా చెయ్యి దానంతటదే కాగితాన్ని వెనక్కి తిప్పింది. అటువైపు ఏమీ లేదు. ఎదురుగా కూర్చున్నామె నవ్వాపుకోలేకపోయింది. సిగ్గుతో చచ్చి మళ్లీ ముందుకు తిప్పి, చిన్నది నాతో చేయించినట్టే మూలమూలా వేలు పెట్టి వెతికాను. "ఈ పేషెంటు పుట్టకముందే ఆసుపత్రిలో చేరాడు" అన్నాను. తేదీలు తారుమారయ్యాయి మరి. "గ్రాండ్" అందామె, అంటే అక్కడివాళ్ల మాటలో భేష్ అని.

ఉద్యోగం వచ్చింది. గులాబ్ జామూన్లు చేసుకుని డాక్టరక్క ఇంటికి పరుగెత్తాను. పిల్ల ఒకటి తిని, "సో హూ విల్ కలెక్ట్ మీ ఫ్రం స్కూల్?" అని అడిగింది. షానన్‌కు మకాం మారిస్తే ఈ ఇంటికి రోజూ రాలేనన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు. గిన్నె పట్టుకునే ఏడ్చేశాను. "కొలువు దొరికిందని ఏడ్చెటోన్ని నిన్నే చూస్తున్న" అంది డాక్టరక్క, తనూ కళ్లు తుడుచుకుంటూ. వాళ్లిద్దరూ లేకపోతే నేనీ దేశంలో మిగిలేవాణ్ణే కాదు, ఆ మాట వాళ్లకు ఎన్నోసార్లు చెప్పాను కూడా. అయినా ఆనాటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉద్యోగం కోసం అంతలా వెతికినవాడు, తీరా అది దొరికాక, లేని రోజులే బాగున్నాయని కనిపెట్టాడు పాపం.