పెర్సిస్ చేతుల వణుకు

గుండుగొలనులో పెర్సిస్ గుమ్మం ముందు ఎప్పుడూ ఒకటే జత చెప్పులుండేవి, అవీ ఆమెవే. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. తాడేపల్లిగూడెంలో ఒక హాస్టల్లో వంట చేసి, ఓపిక తగ్గాక సొంతూరొచ్చి గది కట్టుకుంది. ఆదివారం చర్చిలో అందరూ వందనాలు చెబుతారు. సోమవారానికి ఎవరి పని వారిది.

ఎండాకాలంలో కడుపునొప్పి వస్తే ఏలూరులో స్కాన్ తీయించుకుంది. నరంలోకి మందు ఎక్కించబోతూ, "రొయ్యలు పడతాయామ్మా?" అని అక్కడివాళ్ళు అడిగారు.

"కొల్లేరు పక్కన పుట్టి రొయ్యలు పడకపోతే ఎలాగండీ!" అంది.

మెడ గురించి ఎవరూ అడగలేదు. గొంతు దగ్గర వయసులో ఉన్నప్పుడు లేచిన కాయలాంటి గడ్డను ఆమె కొంగు చుట్టి దాచేది. ప్రార్థనకు ముసుగేసుకునే మనిషే కదా అని ఎవరూ వింతగా చూసేవారు కాదు. నొప్పికి కారణం కిడ్నీలో చిన్న రాయని తేలింది, అది పడిపోయింది కూడా.

కొన్ని వారాలకు నిద్ర పట్టడం మానేసింది. గుండె దడ, జాకెట్లు వదులు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో చేతులెత్తితే గజగజ వణికాయి. పక్కనున్న దానమ్మ కళ్ళు తెరిచి, "అక్క మీద ఆత్మ దిగిందండీ!" అని కేక పెట్టింది.

ఆ రోజు నుంచి గుమ్మం ముందు చెప్పులకు చోటు చాల్లేదు. జ్వరాలవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు వచ్చి ఆ చేతుల కింద తలవంచారు. చెరువులో చేప చచ్చి తేలిపోతున్న గంగరాజు కూడా వచ్చాడు. "మా ఆవిడకి చెప్పకండి, నవ్వుద్ది," అన్నాడు. పెర్సిస్ అందరికీ టీ పెట్టింది. అంత టీ పెట్టి ఎన్నేళ్ళయిందో.

దడ ఆగక మళ్ళీ ఏలూరు వెళ్తే, డాక్టర్ ఫణికిరణ్ కొంగు తీయించి మెడ చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు. "స్కాన్‌కి ఎక్కించిన మందులో అయోడిన్ ఉంటుందమ్మా. ఈ కాయ దాన్ని పట్టుకుని థైరాయిడ్ ఎక్కువ చేసేసింది. మాత్రలేసుకోండి. వదిలేస్తే గుండెకి మంచిది కాదు."

"వేసుకుంటే చేతులు ఆగిపోతాయాండీ?"

"ఆగిపోతాయమ్మా," అన్నాడతను సంతోషంగా.

మాత్రలు బీరువాలోకి వెళ్ళాయి. ఒక సాయంత్రం పెర్సిస్ దీవించాలని ఒక బాలింత నెలల పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది. పిల్ల జారిపోయింది. తల్లి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. "ఆత్మ ఎంత బలంగా ఉందో!" అని ఆ తల్లే మురిసిపోయింది. వాళ్ళు వెళ్ళగానే పెర్సిస్ బీరువా తీసింది.

వణుకు తగ్గేకొద్దీ జనమూ తగ్గారు. జరిగినదంతా దానమ్మకు చెప్పింది.

దానమ్మ గొంతు తగ్గించింది. "పోనీ శుక్రవారాలు మానెయ్యకూడదా అక్కా, ఆ మాత్ర? వచ్చేవాళ్ళు అడుగుతున్నారు."

"టీ తాగుతావా?"

"వద్దక్కా, పనుంది."

దానమ్మ వెళ్ళిపోయింది. పెర్సిస్ తనకొక్కదానికే టీ పెట్టుకుంది. గ్లాసు నిండా పోసుకుని గుమ్మం దాకా నడిచినా చుక్క ఒలకలేదు.