అల్లుడి కింద పరిచిన పట్టా

యలమంద తాతకు అరవై ఏడేళ్ళు. ఆ అరవై ఏడేళ్ళలో సరదా కోసం ఆయన గడప దాటింది లేదు. కోటప్పకొండ వెళ్ళాడంటే అది మొక్కు. గుంటూరు వెళ్ళాడంటే మిరపకాయల బస్తాల వెనక. తిరుపతి కూడా వెళ్ళాడు గాని, క్యూలో ముందు నిలబడ్డ మనిషితో పత్తికి తెల్లదోమ పడితే ఏ మందు కొట్టాలో మాట్లాడుతూ గడిపేసి, దర్శనం ఎలా జరిగిందని ఇంటి దగ్గర అడిగితే "జరిగింది" అన్నాడు. మనిషన్నవాడు పని లేకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎందుకు వెళ్తాడో ఆయనకు అంతుపట్టదు. అలా వెళ్ళేవాళ్ళని చూస్తే జాలిపడతాడు.

ఆయనకు ఆకాశంతో మాత్రం రోజూ మాటలుంటాయి. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని కల్లంలో నిలబడి, బాకీ ఎగ్గొట్టే మనిషి మొహం చూసినట్టు పైకి చూస్తాడు. టీవీలో చెప్పే వాతావరణం ఆయన నమ్మడు. తన ఎడమ మోకాలిని నమ్ముతాడు. మోకాలు సలిపిందంటే వాన. రెండేళ్ళ కిందట అది సలపకుండానే వాన కురిసింది. "ఆ రోజంతా ఎండలో ఉన్నా కదా, దానికి తెలిసుండదు" అని మోకాలిని వెనకేసుకొచ్చాడు. భార్యను ఏనాడూ అలా వెనకేసుకురాలేదని వెంకటరావమ్మకు ఇప్పటికీ కోపం.

ఏప్రిల్ ఆఖరులో కూతురు కోటేశ్వరి, అల్లుడు శ్రీకృష్ణ, మనవరాలు భవ్య సెలవులకు గుంటూరు నుంచి వచ్చారు. శ్రీకృష్ణ ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టారు. ఊరికే కూర్చుంటే ఒళ్ళు తుప్పు పడుతుందని నమ్మే మనిషి. ఈసారి కారు డిక్కీలో ఒక రబ్బరు పడవ తెచ్చాడు. గాలి కొడితే ఉబ్బుతుంది, ఇద్దరు కూర్చోవచ్చు, రెండు ప్లాస్టిక్ తెడ్లు.

"వినుకొండ అవతల ఒక చెరువుంది మామయ్య గారూ. దాని వెనకే కొండ. పొద్దున పడవ, చల్లబడ్డాక కొండ. అందరం వెళ్దాం."

"మీరు వెళ్ళిరండి బాబూ. కల్లంలో కాయ ఉంది."

కాయ ఉన్నమాట నిజమే. ఆ ఏడు నల్ల తామరపురుగు తోటను సగానికి సగం ఊడ్చేసింది. మొదటి కోత పెట్టుబడికే సరిపోలేదు. ఇక మిగిలింది ఈ ఆఖరి కోత. ముడతలు పడ్డ పొడుగు బాడిగ రకం మిరపకాయ, కల్లం నిండా ఎర్రగా పరుచుకుని ఎండుతోంది. ఏడాది తిండి, వచ్చే ఏటి విత్తనం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో మూడెండలు కాస్తే బస్తాలకు ఎత్తవచ్చు. ఈలోగా ఒక్క వాన పడితే రంగు పోయి, తెల్లబారి, తాలుకాయ కింద సగం ధరకు పోతుంది.

వెంకటరావమ్మ ఊరుకోలేదు. "పెళ్ళయి నలభై నాలుగేళ్ళయింది. నన్నెక్కడికి తీసుకెళ్ళావయ్యా నువ్వు? ఇంట్లోంచి చేలోకి, చేలోంచి ఇంట్లోకి."

"నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళలా?"

"అది నిన్ను నేను తీసుకెళ్ళా."

భవ్య పగలబడి నవ్వింది. తాత పైకి చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మోకాలు కూడా ఏమీ అనలేదు. సరే అన్నాడు.

మామూలుగా అయితే పక్క కల్లం హయాత్‌కి ఒక మాట చెప్పి వెళ్ళేవాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి 'ఒరేయ్' అంటే 'ఒరేయ్' అనుకునేవాళ్ళు. కాని హయాత్ కోళ్ళు వచ్చి తాత కాయల్లో పొర్లాయి. తాత ఒక కోడి మీదకు రాయి విసిరాడు. అది కుంటుతూ ఇంటికి చేరింది. ఆ సాయంత్రం ఊరంతా వినేలా ఇద్దరూ అరుచుకున్నారు. ఇరవై రోజులుగా మాటల్లేవు. తాత అక్కడితో ఆగలేదు. హయాత్ నంబరు నుంచి ఫోను రాకుండా చేసి పెట్టమని తన ఫోను భవ్యకి ఇచ్చాడు. అటునుంచి ఒక్క ఫోనూ రాలేదన్నది వేరే సంగతి.

బయల్దేరేటప్పుడు జరిగింది అసలు తప్పు. అందరూ కారెక్కాక తాతకు ఒక అనుమానం వచ్చింది. చెరువు గట్టున ముళ్ళు, గడ్డి, పశువుల పేడ. అల్లుడేమో తెల్ల ప్యాంటు వేసుకున్నాడు. అల్లుణ్ణి కటిక నేల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టామంటే రేపు అటువైపు వియ్యపురాలు ఏమనుకుంటుంది? చాప చిరిగిపోయింది. తాత గబగబా కల్లంలోకి వెళ్ళి, కాయల మీద కప్పే కొత్త నీలం పట్టాను మడిచి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పాత పట్టాను పత్తి కొట్లో ఎలుకలు జల్లెడ చేసి ఉంచాయి.

"అదెందుకు నాన్నా?" అంది కోటేశ్వరి.

"పొద్దుగూకేలోపు వచ్చేస్తాంగా. మంచు పడేవేళకి కప్పితే చాలు."

చెరువు దగ్గర తాతను పడవెక్కించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. లైఫ్ జాకెట్ తొడిగితే ఎద్దుకు గంతలు కట్టినట్టు బిగుసుకుపోయాడు. ముందు భవ్య, వెనక తాత. తెడ్డు చేతిలోకి రాగానే తాతకు తెలిసిన పని ఒకటే: పారతో చేలో నీళ్ళకు మడవ తీయడం. ఒకే పక్క నీళ్ళు తోడి పోశాడు. పడవ అక్కడక్కడే గుండ్రంగా తిరిగింది.

"తాతయ్యా, రెండు పక్కలా వెయ్యాలి! గానుగ తిప్పుతున్నావేంటి?"

"నీళ్ళు పక్కకి పోతన్నాయే!"

"పోనీ. వాటిని చేలోకి పారించాలా ఏంటి?"

గట్టు మీద వెంకటరావమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె వంతు వచ్చినప్పుడు మాత్రం పడవ గీత గీసినట్టు తిన్నగా పోయింది. చెరువు నడిమధ్యకు వెళ్ళి తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. పిలిచినా వెంటనే రాలేదు. తాత గట్టు మీద నుంచి ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ తన వంతు అడిగాడు. ఈసారి పడవ కొంచెం ముందుకు కదిలింది. తాత గట్టిగా, నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వు కోటేశ్వరి చిన్నప్పుడెప్పుడో విన్నది.

మధ్యాహ్నం తుమ్మచెట్ల నీడన పట్టా పరిచారు. నడుమ అల్లుణ్ణి కూర్చోబెట్టారు. దోసకాయ పప్పు, గోంగూర, కోడికూర. తాత రెండుసార్లు పైకి చూశాడు. ఏమీ లేదు.

నాలుగున్నరకు కొండ ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లు లేవు, మేకలు నడిచిన దారి. సగం దూరం వెళ్ళేసరికి తాత ఎడమ మోకాలు సలపడం మొదలైంది. అది కొండకు సలుపుతోందా, వానకు సలుపుతోందా? తాత ఒక బండ మీద కూర్చుని దాన్ని పట్టుకుని ఆలోచించాడు. అల్లుడు చేయి అందించాడు.

"వయసులో మీరే నయం మామయ్య గారూ. మా స్కూలు పిల్లలైతే ఈపాటికి ఏడ్చేవాళ్ళు."

పొగడ్తకు పొంగిపోయి తాత లేచాడు. కొండకే అయ్యుంటుందిలే అనుకున్నాడు.

పైకి చేరగానే చల్లగాలి మొహాన కొట్టింది. భవ్య చేతులు చాచి కేరింతలు కొట్టింది. ఏప్రిల్ నెలలో అంత చల్లగాలి ఎందుకు వస్తుందో కొండ మీద ఒక్క మనిషికే తెలుసు. తాత పడమటికి తిరిగాడు. పన్నెండు కిలోమీటర్ల అవతల తమ ఊరు. సెల్ టవరు, కోల్డ్ స్టోరేజీ తెల్ల రేకులు ఎండలో మెరుస్తున్నాయి. వాటి వెనక ఆకాశం నుంచి నేల దాకా బూడిదరంగు తెర ఒకటి దిగి ఉంది. అది నిలబడి లేదు. నడుస్తోంది.

"పట్టా ఏదీ?" అంది వెంకటరావమ్మ. అడుగుతూనే ఆమె మొహం పాలిపోయింది.

తాత జేబులోంచి ఫోను తీసి భవ్య చేతికిచ్చాడు. "ఆ హయాత్ గాడి నంబరు... నువ్వు మూసేశావే, అది తెరువు."

"నువ్వేగా తాతయ్యా మూసెయ్యమంది."

"తెరవమ్మా." ఆ గొంతు విని భవ్య గబగబా మీటలు నొక్కింది.

ఆరుసార్లు మోగాక హయాత్ ఎత్తాడు. "ఎవరూ?" అన్నాడు, ఎవరో తెలిసే.

"నేను. మబ్బు చూశావా?"

"నాకూ కళ్ళున్నాయి. మేం పోగేసుకుంటన్నాం. నీ కల్లంలో మనిషి లేడేంది? వచ్చి పట్టా కప్పుకో."

"పట్టా లేదక్కడ."

"లేకపోవడమేంది? మొన్నేగా కొత్తది తెచ్చావు."

"ఇక్కడుంది. కొండ కింద. అల్లుడు కూర్చోడానికి తెచ్చా."

అవతల గాలి హోరు. దాని మీదుగా, "ఓరి నీ మర్యాద మండిపోనూ!" అన్న కేక. ఫోను తెగిపోయింది. కోపంతో పెట్టేశాడో, సిగ్నలే పోయిందో తెలియలేదు. సాయం చెయ్యమన్న మాట తాత నోట్లోనే ఉండిపోయింది.

కొండ ఎలా దిగారో ఎవరికీ గుర్తు లేదు. తాత రెండుచోట్ల కూలబడి, కూలబడ్డవాడు కూలబడ్డట్టే జారాడు. కారులో భవ్య మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది. మోగుతోంది గాని ఎత్తడం లేదు. సగం దారిలో వాన ఎదురొచ్చింది. అద్దం మీద కంకర పోసినట్టు చినుకులు. "తప్పు నాది మామయ్య గారూ, నేను పిలవకపోతే..." అన్నాడు శ్రీకృష్ణ. తాత వినిపించుకోలేదు. పట్టాను ఒళ్ళో పెట్టుకుని దాని అంచును గుప్పెట్లో నలుపుతున్నాడు.

కారు ఆగకముందే తలుపు తీసుకుని దిగాడు. కల్లం ముప్పాతిక ఖాళీగా ఉంది. ఒక మూల, గోడ వార, ఓ నాలుగో వంతు కాయలు బురదలో నానుతున్నాయి. మిగతా కల్లమంతా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. మిగిలిన కాయలేమయ్యాయో తెలియక తాత అక్కడే నిలబడిపోయాడు.

"ఒరేయ్ యలమందా! ఇటురా!"

హయాత్ కల్లంలో గడ్డివామంత కుప్ప ఒకటి. దాని మీద ఒకటే పట్టా. పట్టా గాలికి లేచిపోకుండా ఒక అంచు మీద హయాత్, ఇంకో అంచు మీద ఆయన భార్య రహిమున్నీసా కూర్చుని నిలువునా తడిసిపోతున్నారు.

"నా కాయలేయిరా?"

"కింద ఉన్నాయి."

"మరి నీ కాయలు?"

"అవీ కిందే ఉన్నాయి."

తాతకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "కలిపేశావా? నా బాడిగని తీసుకుపోయి నీ తేజ రకంలో కలిపేశావా? ఎవడు కొంటాడురా ఇప్పుడు?"

"ఒక్క పట్టా రెండు కుప్పలకి ఎట్టా చాలుద్దిరా? తడవనివ్వమంటే చెప్పు, ఇప్పుడే లాగేస్తా!"

"మీ పోట్లాట తర్వాత పెట్టుకోండి" అని అరిచింది రహిమున్నీసా. "అన్నా, ఆ మూల లేస్తంది, ముందు దాని మీద కూర్చో!"

తాత వెళ్ళి కూర్చున్నాడు. శ్రీకృష్ణ కొత్త పట్టాను రెండోవైపు లాగి కప్పాడు. వెంకటరావమ్మ, కోటేశ్వరి, భవ్య తలా ఒక అంచు పట్టుకున్నారు. వాన వెలిసేదాకా ఎవరూ కదల్లేదు.

బురదలో నానిన కాయను దిబ్బలో పారబోసి, మర్నాటి నుంచి రెండిళ్ళవాళ్ళూ ఆ కుప్ప చుట్టూ కూర్చుని కాయలు ఏరారు. ముడతల పొడుగు కాయ ఇటు, సన్నటి నున్నటి తేజ అటు. ఒక్కొక్క కాయ. నాలుగు రోజులు. కళ్ళు మండాయి, అందరూ తుమ్మారు. తాత, హయాత్ ఎదురెదురుగా కూర్చున్నారు. చేసిన సాయానికి తాత ఒక్క మంచిమాట కూడా అనలేదు. "ఎవరన్నా కాయని ఇట్టా చీపురుతో ఊడుస్తారా? ఎన్ని విరిగినయ్యో చూడు" అని మాత్రం గొణిగాడు.

ఏరేకొద్దీ ఒక సంగతి బయటపడింది. కుప్ప అంచుల్లో ఉన్నదంతా తేజే, అది చాలా తడిసి అప్పుడే తెల్లబారుతోంది. తన కాయల మీదే కప్పుకుని ఉంటే హయాత్‌కి ఒక్కటీ తడిసేది కాదు. కుప్ప పెద్దదై పట్టా అందలేదు. అది అందరూ చూశారు. హయాత్ కూడా చూశాడు. ఆ తడి కాయలని వేరే పోగు పెట్టి, చేతులు దులుపుకుని మళ్ళీ ఏరడం మొదలెట్టాడు.

ఐదోరోజు కాయ చూడటానికి మొహిద్దీన్ బాషా వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో కాయ కొని గుంటూరు పంపే మనిషి. బాడిగను చేత్తో నలిపి వాసన చూశాడు. తేజను చూశాడు. ఆఖరికి తడి పోగు దగ్గర ఆగి మూతి విరిచాడు.

"ఇది ఎవరిది? ఈ కాయగల ఆసామి సరుకు మొత్తానికి ధర తగ్గించి రాయాల్సొస్తది. ఇందులో తడి తగిలిందంటే మిగతాదానికీ తగిలినట్టే."

హయాత్ లేవబోయాడు.

"నాది" అన్నాడు యలమంద.

బాషా తెల్లబోయాడు. "నీది బాడిగ కదయ్యా?"

"రెండు సాళ్ళు తేజ కూడా పెట్టా ఈ ఏడు. గట్టు వార. ఏం, పెట్టకూడదా?"

"ఒరేయ్ యలమందా..." అన్నాడు హయాత్.

"నువ్వు నోరు మూసుకుని నీ కాయ ఎత్తుకో. బేరాల్లో నీకేం తెలుసు?"

బాషా ఒకసారి ఇద్దరి మొహాలూ చూసి, పుస్తకం తీసి రాసుకున్నాడు. భవ్య ఏదో అనబోయింది. వెంకటరావమ్మ ఆమె మోచేయి పట్టుకుని ఆపింది. తర్వాత ముందుకు జరిగి, ఆ తెల్లబారిన తేజ పోగును రెండు చేతులా ఎత్తి తమ గోతంలో పోయడం మొదలుపెట్టింది.