కుప్పం దాకా చేరని పండ్లు

ఈ రోజు పొద్దున పెరట్లో నాలుగు అంజూర పండ్లు కోశాను. అరచేతిలో పెట్టుకుంటే తమ బరువుకు తామే అణిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. ఒకదానికి పిట్ట పొడిచిన బెజ్జం, అందులోంచి కారుతున్న తేనెబొట్టు. మదనపల్లెలో పొద్దున బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు దాటి మా అక్క ఉండే కుప్పం చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇవి పుంగనూరు దాకా కూడా పండ్లుగా ఉండవు. నా ఉద్యోగం టమోటా మండీలో లెక్కలు చూడడం. ఏ రంగులో కోసిన కాయ ఏ ఊరి దాకా నిలుస్తుందో పెట్టెలో చెయ్యి పెట్టి చెప్పగలను. ఆ విద్య నాకు బళ్లో ఎవరూ నేర్పలేదు, కుళ్లిన కాయలే నేర్పాయి. అలాంటివాణ్ణి నా సొంత పెరట్లో చెట్టు ఎంచుకునేటప్పుడు మాత్రం నీళ్లు చూశాను, నీడ చూశాను, గుంతకూ గోడకూ మధ్య ఎడం చూశాను, కుప్పం దారి చూడలేదు.

అంతకుముందు అక్కడ దానిమ్మలుండేవి. వాటి కథ చెప్పాలంటే మా అక్క దగ్గుతో మొదలుపెట్టాలి. అమ్మ ఊరి బయట క్షయ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. అక్కకు పెళ్లీడు రాకముందే ఆ జబ్బు పట్టుకుంది. వార్డులో నుంచి అమ్మ వెంట వచ్చిందో, గాలిలో వచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సింది అమ్మే. అక్కకు పంచలో వేరే మంచం, వేరే సత్తు కంచం. చిన్నవాణ్ణి కాబట్టి నన్ను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. నేను లోపల, ఆమె బయట కూర్చుని చింతగింజల ఆట ఆడేవాళ్లం. ఆమె ముట్టుకున్న గింజ నేను ముట్టకూడదు కనుక ఆమె తరఫున కూడా నేనే వేసేవాణ్ణి. ఆమె గెలిచిన గింజలు నా దగ్గరే ఉండిపోయేవి, ఎన్నయ్యాయో నోటితో చెప్తే చాలు. కూడికలు నాకు వచ్చింది అక్కడే. దొంగ కూడిక చేస్తే అక్క దగ్గుతూనే తిట్టేది.

మందులకు జబ్బు తగ్గింది. దానిమ్మ తింటే రక్తం పడుతుందని అమ్మ ఆసుపత్రి తోటలో కొమ్మలు అడిగి తెచ్చి పెరటి గోడ పొడుగునా నాటింది. నాటింది అక్క కోసం, ఎక్కువ తిన్నది నేను. ఆమె కుప్పానికి కాపురానికి వెళ్లేటప్పుడు వేరు పోసిన కొమ్మ ఒకటి తడి గోనెపట్టలో చుట్టి అమ్మ ఆమె ఒళ్లో పెట్టింది. ఇల్లు నాకు వచ్చింది, కొమ్మ ఆమెకు వెళ్లింది. అమ్మ పోయాక కూడా ప్రతి కాపుకూ ఒక అట్టపెట్టె నిండా కాయలు బస్సులో పంపేవాణ్ణి. దానిమ్మ తోలు ఎండి చెక్కయినా లోపల గింజ చెడదు. రెండు రోజులు ఆలస్యమైనా ఎవరికీ బాధ లేదు.

తరువాత ఒక వానాకాలం ఆకుల మీద నీళ్లు తాగినట్టు మచ్చలు కనిపించాయి. కాయల మీద నల్లగా పాకి, కాయలను పగలగొట్టాయి. కొమ్మలు కత్తిరించాను, మందు కొట్టాను. మరుసటి వానలకు మచ్చ మొదళ్లకు దిగింది. ఎండలు ముదిరాక అన్నింటినీ వేర్లతో పీకించి అక్కడే కాల్చాం. పచ్చి దానిమ్మ కట్టె మండదు, ఏడిపిస్తుంది. ఆ పొగలో మా ఆవిడ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పుంగనూరు రోడ్డులోని నర్సరీ ఆయన్ను, మళ్లీ దానిమ్మే పెట్టొచ్చా అని అడిగాను. "అదే గుంతలోనా? సచ్చినోడి మంచం మీద కొత్త పెండ్లికొడుకును పండబెడతావాప్పా?" అన్నాడు. ద్రాక్ష చూపించాడు, దానికి పందిరి కావాలి. జామ చూపించాడు, గింజలు గట్టి. అప్పటికి అక్కకు దవడపళ్లు ఊడిపోయాయి. నేను పంపే దానిమ్మ గింజలను గుడ్డలో పిండుకుని రసం తాగుతోందని విన్నాను. అంజూర అయితే నాలుకతో నలుపుకోవచ్చు, రెండో ఏటికే కాపు, దానిమ్మ మచ్చ దానికి రాదు. అంజూర తీసుకున్నాను. అంత పక్కాగా ఏ బేరమూ చేయలేదనుకున్నాను.

దాన్ని నాటకముందే, ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి, అక్క పంచలో కూర్చుని ఉంది. ఒళ్లో తడి గోనెపట్ట. దానిమ్మలు పోయాయని ఫోనులో విన్నప్పుడే తన చెట్టు కొమ్మకు వేర్లు పోయించడం మొదలుపెట్టిందట. "అమ్మ సెట్టు బిడ్డరా ఇది. తిరిగి పుట్టింటికొచ్చింది" అంది, నవ్వుతూ. నేను ఆకు తిప్పి చూశాను. అడుగున, ఈనెల పక్కన, అవే మచ్చలు.

"ఏందిరా, దొంగను సూసినట్టు సూస్తాండావు?"

"రోగముండాది అక్కా దీనికి."

ఆ మాట కొంచెం నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు. కాసేపాగి, భోజనాలయ్యాక చెప్పి ఉండొచ్చు. కానీ ఆ కొమ్మ లోపలికి వెళ్లకూడదనే తొందరలో గోనెపట్టను ఆమె ఒళ్లోంచి తీసి పంచ చివర, ఎండ పడే మూల, విడిగా పెట్టాను. ఒకప్పుడు ఆమె మంచం ఉన్న మూల అది. పెట్టాకే నాకు గుర్తొచ్చింది. ఆమెకు మాత్రం నేనది అక్కడ పెట్టకముందే గుర్తొచ్చినట్టుంది.

"కంచం కూడా ఏరే పెడతావా?" అంది.

మా ఆవిడ "అయ్యో వదినా, సెట్టు సంగతి కదా" అంది. అక్క అప్పటికే లేచి కొమ్మను ఒళ్లోకి తీసుకుంది. బస్సులో తీసుకుపోవద్దు, ఇక్కడే కాల్చేద్దాం అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. "నన్ను గూడా కాల్సిపోరా" అంది. అన్నం తినలేదు. కవర్లో ఉన్న అంజూర మొక్కను దాటి వెళ్తూ, అదేమిటని కూడా అడగలేదు. అది నీ కోసమే అని నేనూ చెప్పలేదు.

ఆమె చెట్టూ మరుసటి వానలకు పోయిందని బంధువుల ద్వారా తెలిసింది. నా మాటే నిజమైంది. నిజమై నాకు ఒరిగిందేమీ లేదు.

పోయినేడు అంజూర మొదటి కాపు వచ్చింది. అరటాకు పరిచి, పొట్టు పోసి, ఒక్కో పండుకూ కాగితం చుట్టి బస్సులో పంపాను. ముందే కోస్తే అంజూర పండదు, పండాక కోస్తే ఆగదు. సాయంత్రం నేనే ఫోను చేశాను.

"చేరినాయా అక్కా?"

"చేరినాయి. డబ్బాలో రసముండాది. సెట్లకు పోసినా."

"వచ్చి ఈడ తిందువు, రా."

"యాడ కూసోబెడతావు, ఎండలోనా?" అంది. తరువాత, కోపం లేకుండా, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు, "దానిమ్మయ్యుంటే చేరుండేది" అని పెట్టేసింది.

ఈ పొద్దుటి నాలుగింటిలో రెండు నేను తిన్నాను, ఒకటి మా ఆవిడకిచ్చాను. నాలుగోది పంచ చివర ఆ మూలన పెట్టాను, ఎందుకో తెలియదు. మధ్యాహ్నానికే చీమలు దాన్ని సగం ఖాళీ చేశాయి. ఈ వయసులో అక్కకూ నాకూ ఇంకా ఎన్ని కాపులు మిగిలి ఉన్నాయన్న లెక్క నేను వేయగలను, వేయను. మెత్తని పండుకు ఈ రోజు ఒక్కటే ఉంటుంది. రేపు అనేది గట్టి తోలున్న వాటికే.