ప్రొఫెసర్ గారి మైనం దీపం

కాలేజీ సైన్సు ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు గాజుసామాను కడిగి రిటైరైన అటెండరు గారిని వీధిలో అందరూ ప్రొఫెసర్ అనే పిలిచేవారు. అది ఎగతాళి అని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. లెక్చరర్లంతా తన దగ్గరే నేర్చుకున్నారని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో కుళాయి కారితే మాత్రం ప్లంబరు రావాల్సిందే.

ఒక ఆదివారం బావమరిది తను కొన్న లావా ల్యాంపు చూపించడానికి అక్కనూ బావనూ ఇంటికి పిలిచాడు. గాజు సీసాలో ఎర్రటి మైనం ముద్దలు తీరిగ్గా పైకి లేచి, చల్లబడి, మళ్ళీ కిందికి దిగుతున్నాయి. అక్క కళ్ళప్పగించి చూసింది.

“బాగుంది కదూ బావా?”

“ఇదో పెద్ద విద్యా! ఇంట్లో నేను చేసేస్తా. పది నిమిషాల పని.”

పది నిమిషాలు కాస్తా పదకొండు రోజులయ్యాయి. మొదట నీళ్ళూ నూనే రంగూ పోసి, అందులో బుసబుసమని పొంగే మాత్రొకటి పడేశారు. రెండు నిమిషాలు బుడగలు ఎగిరి, అంతా చప్పబడిపోయింది. ఫోన్లో బావ పంపిన వీడియో చూసిన బావమరిది, “బావా, ఇది ల్యాంపా, అజీర్తా?” అన్నాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఈసారి కొవ్వొత్తులు కరిగించి, రంగు కలిపి, నీళ్ళ సీసాలో వేసి, కింద బల్బు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చుట్టపుచూపుగా వచ్చి పాతుకుపోయిన బంధువులా మైనం మూత కిందే తిష్ఠ వేసింది.

ఆయన భార్య క్లినిక్‌లో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ అడిగింది. “ఎంతసేపైంది?”

“మూడు గంటలు. వేడెక్కాలిగా!”

ఆవిడ బల్బును వేలితో తాకింది. “ఇది ఎల్ఈడీ అండీ. వెలుగుతుంది గానీ వేడెక్కదు. మీకు పూర్తిగా వ్యతిరేకం.”

ఆయన వినిపించుకోనట్టు మీసం దువ్వుకున్నారు.

“పైగా మైనం నీళ్ళకంటే తేలిక, ఇంకెలా మునుగుతుంది? మొన్న మా క్లినిక్‌లో స్పిరిట్ గిన్నెలో ఐసుముక్క జారిపడి బుడుంగున మునిగింది. నీళ్ళలో స్పిరిట్ కలిపి చూస్తే?”

“సైన్సంటే దూదితో గాయం తుడవడం కాదే!”

మరుసటి ఆదివారం ఆవిడే పూనుకుంది. అటక మీంచి వేడెక్కే పాతకాలం బల్బు తీయించి, చిల్లులు పొడిచిన రేకు డబ్బాలో బిగించింది. చల్లటి మైనం అడుగున అలా ఆనీ ఆననట్టు నిలిచేదాకా, సిరంజితో కొంచెం కొంచెంగా స్పిరిట్ కలిపింది. వేడికి ఉబ్బుతుందని పైన ఖాళీ వదిలి, మూత బిగించి, మంట దగ్గరికి తీసుకెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. ప్రొఫెసర్ చేతులు వెనక కట్టుకుని, “అదే, నేనూ అదే అనుకున్నా” అంటూ తిరిగారు.

గంటన్నరకు మైనం మెత్తబడి, ఉబ్బి, మెడ సాగదీసి, అడుగు వదిలి పైకి తేలింది. ప్రొఫెసర్ కుర్చీ ముందుకు లాక్కుని, ముక్కు సీసాకు ఆనేంత దగ్గరగా వంగి చూశారు.

సాయంత్రానికి సీసా మీద ‘రూపకల్పన: ప్రొఫెసర్’ అని చీటీ వెలిసింది. బావమరిదిని పిలిపించి, సాంద్రత మీద అరగంట ఉపన్యాసం ఇచ్చారు.

“స్పిరిట్ ఎంత కలపాలి బావా?”

“కావలసినంత.”

“అంటే?”

“అంటే... సరిపడా.”

భార్య టీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూసింది.

“అక్కా, మా పిల్లకూ ఒకటి చేసిస్తావా?” అన్నాడు తమ్ముడు, బావ వైపు చూడకుండానే.

“రేపు సెలవే. వస్తా.”

మర్నాడు ఆవిడ వెళ్ళింది. వెంట ప్రొఫెసరూ వెళ్ళారు, సంచి మోసుకుంటూ, స్పిరిట్ ఎలా కలపాలో దారి పొడుగునా ఆవిడకే వివరిస్తూ.