బాపు ఎత్తిన చేయి

దయ్యాలు, జోస్యాలు నేనెప్పుడూ నమ్మలేదు. బోధన్‌లో ఇంటింటికీ కేబుల్ కనెక్షన్లు ఇచ్చే పని నాది. వానలో, చీకట్లో, శ్మశానం పక్క స్తంభం ఎక్కి కూడా వైర్లు కలిపినవాణ్ణి. కుక్కలు తప్ప నన్ను ఎవరూ పలకరించలేదు. అందుకే ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

మా బాపు చక్కెర ఫ్యాక్టరీ యార్డులో పనిచేసేవాడు. క్రేన్ చెరుకు మోపులను లేపుతుంటే కింద నిలబడి ఆపరేటరుకు సైగలు చేయాలి. ఆ రొదలో మాట వినపడదు. అరచేయి ఎత్తాడంటే ఆపమని, కింద మనిషి ఉన్నాడని. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. రెండేళ్ల కింద బాపుకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడమచేయి ఒక్కటే మిగిలింది.

నాకు టెన్నిస్ పిచ్చి. బాపును పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని చూసేవాణ్ణి. ఒకరోజు ఆట మొదలవుతుండగానే బాపు చేయి ఎత్తి ఒక ఆటగాడివైపు అరచేయి చూపాడు. వాడు ఓడిపోయాడు. తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే. ఆటగాళ్లు అటువాళ్లు ఇటు మారితే బాపు చేయి కూడా ఓడబోయేవాడి వెంటే జరిగేది. ఆయనకు టెన్నిస్‌లో ఓనమాలు తెలియవు.

"ఫ్యాక్టరీల గిట్లనే లేపుతుండె. పాపం, గా పిలగాన్ని ఆగుమంటుండు" అని అమ్మ నవ్వింది.

పాత మ్యాచ్ వేస్తున్నారేమోనని నా వృత్తికి తగ్గట్టు అనుమానించాను. కాదు, లైవే. ఇక అనుమానం మాని సరదా మొదలుపెట్టాను. ఎవరు గెలుస్తారో దోస్తుల వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టేవాణ్ణి. వాళ్లు నన్ను స్వామీజీ అనేవాళ్లు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు బాపు జోస్యం నా పేరున పంచిపెట్టాను. ఆయన పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

మొన్న చలికాలం, చెరుకు కొట్టే రోజులు. సాయంత్రం పెద్ద మ్యాచ్ నడుస్తోంది. తమ్ముడు శ్రీకాంత్ ఇందల్వాయిలో పుట్టింట్లో ఉన్న భార్యను తీసుకురావడానికి బయలుదేరాడు. బండి తాళం టీవీ పక్క మేకుకు ఉంటుంది. అక్కడే నిలబడి మఫ్లర్ చుట్టుకుంటున్నాడు. అప్పుడు బాపు చేయి లేచింది.

తెరమీద అటువైపు నీలం చొక్కా ఆటగాడు ఉన్నాడు. వాడు ఓడతాడని వెంటనే గ్రూపులో పెట్టేశాను. అంతలోనే ఆటగాళ్లు వైపులు మారారు. బాపు చేయి మారలేదు.

అది నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. బాపు గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. "సమజైంది బాపు, ఇగ దించు" అని ఆ చేయి పట్టుకుని ఒళ్లో పెట్టాను. మళ్లీ ఎత్తబోయాడు. మళ్లీ అదిమాను.

"నాకు టాటా జెప్తుండన్నా, నువ్వేంది మధ్యల?" అని శ్రీకాంత్ నవ్వాడు. బాపుకు తిరిగి చేయి ఊపి వెళ్లిపోయాడు.

నీలం చొక్కావాడే గెలిచాడు. గ్రూపులో అందరూ నన్ను ఆడుకున్నారు. "ఇజ్జత్ తీసినవ్ గద బాపు" అని విసుక్కున్నాను. ఆయన టీవీ చూడటం లేదు. వాకిలివైపు చూస్తున్నాడు.

కాసేపటికి ఫోన్ వచ్చింది. ఎడపల్లి దాటాక రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగిన చెరుకు ట్రాలీని తమ్ముడు వెనక నుంచి గుద్దాడు. ప్రాణం దక్కింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

పక్షవాతం వచ్చినవాళ్లకు చేయి దానంతటదే లేస్తుందని డాక్టర్ అన్నాడు. కావచ్చు. మ్యాచ్‌లన్నీ కాకతాళీయమే కావచ్చు. నేను అదిమిన చేయి మాత్రం కాకతాళీయం కాదు. తమ్ముడికి అంతా చెప్పి ఏడ్చాను. "నువ్వేం జేస్తవన్నా, నేను గూడ టాటానే అనుకున్న" అన్నాడు. వాడు తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి బాపు చేయి లేవలేదు. టెన్నిస్ పెట్టినా లేవదు. రోజూ పనికి పోయేముందు ఆ మేకు దగ్గర కాసేపు నిలబడతాను. ఆయన నన్నే చూస్తాడు. చేయి ఒళ్లో, నేను పెట్టిన చోటే ఉంటుంది. నా దారిలో ఏ ఆపదా లేదనా, వీడికి చెప్పి లాభం లేదనా, నాకు ఇప్పటికీ తెలియదు.