ఆఫీసరు గారి దయవల్ల

సభల్లో ఎవరైనా లేచి, "ఇదంతా పెద్దల దయ, ఇందులో నాదేమీ లేదు" అంటే జనం చప్పట్లు కొడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. నీదేమీ లేకపోతే ఎందుకొచ్చావయ్యా, ఇంట్లో పడుకోకపోయావా అని అడగబుద్ధవుతుంది. ఒకసారి అడిగేశాను కూడా. అప్పటినుంచి మా ఇంట్లోవాళ్ళు నన్ను సభలకు తీసుకెళ్ళడం మానేశారు. వాళ్ళని అని ఏం లాభం? నా కడుపుమంట సంగతి వాళ్ళకి చెబితే కదా తెలిసేది.

అప్పట్లో తిరుత్తణి ఆంధ్రలో ఉండేది, తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో. తిరుత్తణి పక్క పల్లెలో మా నాయన వేరుశనగ పండించేవాడు. నాకు ఉద్యోగం మద్రాసులో, మకాం తిరువళ్ళూరులో మా మేనమామ ఇంట్లో. పొద్దున్నే రైలెక్కి పోవడం, చీకటి పడ్డాక రావడం. ఆదివారాలు ఊరికి పోయేవాణ్ణి. "మావోడికి కూడు ఒక రాష్ట్రంలో, అమ్మానాయన ఇంకో రాష్ట్రంలో" అని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

నా ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో ఒక్కడికీ అర్థం కాలేదు. సరుకుల రవాణా లెక్కలు చూసే పెద్ద ఆఫీసులో యంత్రాల సెక్షను మాది. అట్ట కార్డుల మీద చిల్లులు పొడుస్తారు. చిల్లు ఎక్కడ పడిందన్నదాన్నిబట్టి అంకె. కార్డుల కట్ట యంత్రంలో పెడితే అదే కూడి, మొత్తం అచ్చేసి ఇస్తుంది. ఏ చిల్లు ఏ లెక్కలోకి పోవాలో యంత్రానికి చెప్పడానికి ఒక పలక నిండా తీగలు గుచ్చాలి. ఆ తీగలు గుచ్చే పని నాది. ఇప్పటి పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని చేసేది దాదాపు ఇదే. కాకపోతే మాకు చల్లగది లేదు, వేళ్ళకి బొబ్బలుండేవి. ఊళ్ళో నన్ను చిల్లులోడు అనేవాళ్ళు. నీ కొడుకు ఏం పని చేస్తాడన్నా అని ఎవరైనా అడిగితే నాయన, "ఏమో, అట్టలకు బొక్కలు పెడతాడంట. దానికి జీతం గూడా ఇస్తారంట" అని మాట మార్చేవాడు.

ఆ యంత్రానికి ఒక జబ్బు ఉండేది. కట్టలోంచి ఒక కార్డు జారిపోతే దానికి తెలిసేది కాదు. మిగిలినవాటిని చక్కగా కూడేసి, తప్పు మొత్తాన్ని ముత్యాల్లాంటి అంకెల్లో అచ్చేసేది. నెలాఖరున సెక్షనంతా నేలమీద కార్డులు పరుచుకుని వెతుక్కునేవాళ్ళం. దీనికి మందు నాకు మా కళ్ళంలో దొరికింది. మా పక్క బండికి వేరుశనగ మూటలెక్కించేటప్పుడు మూటకొక ముడి చొప్పున ఒక తాడుకి ముళ్ళేసి బండివాడి చేతికిస్తారు. తిరువళ్ళూరు మిల్లులో మూట దింపినప్పుడల్లా ఒక ముడి విప్పుతారు. చివరికి తాడుకి ముళ్ళేమీ లేకపోతే సరే. ముడి మిగిలిందంటే మూట దారిలోనే దిగిపోయిందన్నమాట. చదువురాని బండివాడు కూడా మోసపోడు. నేను అదే పని కార్డులతో చేశాను. ప్రతి కట్ట చివరా ఒక కార్డు అదనంగా పెట్టాను. కట్టలో ఉండాల్సిన మొత్తం దాని మీద ఉంటుంది. యంత్రం దాన్ని కూడకుండా, అప్పటిదాకా కూడినదాంట్లోంచి తీసేస్తుంది. కార్డులన్నీ ఉంటే చివర సున్నా పడుతుంది. సున్నా కాకపోతే ఆ కట్ట ఒక్కటీ చూసుకుంటే చాలు.

దానికి తీగలు ఎలా గుచ్చాలో తేల్చుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. ఆ తర్వాత సెక్షన్లో ఎవరూ నేలమీద కూర్చోలేదు. మా ఆఫీసరు ఒకరోజు అటుగా వచ్చి, "ఏం, ఈ నెల ఎవరూ కింద కూర్చోలేదే?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. ఆయనకీ నా పద్ధతికీ ఉన్న సంబంధం మొత్తం అదే.

ఇలాంటి యంత్రాల మీద పనిచేసేవాళ్ళకి మద్రాసులో ఒక మహాసభ పెడుతున్నారని ఆ ఏడే ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్ళు దాని సారాంశం ఒక కాగితంలో రాసి పంపాలి. కమిటీకి నచ్చితే పిలిచి మాట్లాడిస్తారు. గుమాస్తాలు కూడా పంపవచ్చునని కింద రాసి ఉంది. ఆ కింది వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో! నాకు ఆ వేదిక కావాలనిపించింది. వినయంగా చెప్పడం నా వల్ల కాదు, గట్టిగా కావాలనిపించింది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన యంత్రాలవాళ్ళ ముందు నిలబడి నా పద్ధతిని నా నోటితో చెప్పాలి. నాయన ఆ హాల్లో కూర్చుని ఉండాలి. ఆయన కొడుకు చేసేది బొక్కలు పెట్టే పని కాదని ఆయన కళ్ళారా చూడాలి.

సారాంశం ఇంగ్లీషులో రాయాలి. రైల్లో కిటికీ పక్కన కూర్చుని వాక్యాలు గొణుక్కుంటూ ఉంటే తిరునిన్రవూరులో ఎక్కే ముసలాయన ఒకడు, "ఎన్న సామీ, జెపమా?" అని రోజూ పలకరించేవాడు. అవును సామీ, జపమే అనేవాణ్ణి. కాగితం సిద్ధమయ్యాక ఆదివారం ఊరికి తీసుకెళ్ళి, నాయనకి తెలుగులో విప్పి చెప్పాను. మూటలూ ముళ్ళూ వచ్చేసరికి ఆయన ముఖం వెలిగింది.

"బాగుండాది. అయితే ఇందులో మీ ఆఫీసరు యాడ?" అన్నాడు.

"ఆయనెందుకు నాయనా? ఆయన చేసిందేముంది?"

"ఏందిరా ఆ మాట! కూడు పెట్టే మారాజు. ఆయన మాట లేకుండా కాయితం పంపిస్తే మరియాద తెలీనోడంటారు. ఎవురి కడుపున పుట్టినాడో అంటారు. ఆఫీసరు గారి దయవల్ల, ఆయన చూపించిన దారిలో చేసినానని పైన పెట్టు."

మా పక్క అది అబద్ధం కింద లెక్క కాదు. మా నాయన సొంత చేతులతో తవ్విన బావిలో నీళ్ళు పడితే, ఊరి పెద్దాయన దగ్గరికి పోయి, "అయ్యా, మీ చలవతో నీళ్ళు పడినాయి" అని చెప్పొచ్చాడు. ఆ పెద్దాయన గడ్డపార ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా అలాగే అనాలి. అన్నవాడూ దాన్ని నిజమనుకోడు, విన్నవాడూ అనుకోడు. నేనూ ఆ ఊళ్ళోనే పెరిగాను కాబట్టి, ఆ వాక్యం మంచి ఇంగ్లీషులో అన్నిటికంటే పైన పెట్టాను.

అత్త ఒక్కతే వద్దంది. "పని చేసింది నువ్వు, పేరు ఆయనకా? యాడి న్యాయం రా ఇది? మీ నాయనకు తెలివి లేదు, ఆయన మాట ఇనే నీకు అంతకన్నా లేదు. కొట్టెయ్ ఆ ముక్క" అంది. భోంచేస్తున్న మామ తలెత్తి, "ఆఫీసు మరియాదలు నీకేం తెలుసునే, చారు పొయ్యి" అన్నాడు. మరునాడు కాగితం టపాలో వేశాను.

జవాబు నాకు రాలేదు. ఆఫీసరుకి వచ్చింది. నన్ను గదిలోకి పిలిచి, కమిటీవాళ్ళు మెచ్చుకున్నారని, మన సెక్షను పద్ధతి గురించి మాట్లాడటానికి తనని పిలిచారని సంతోషంగా చెప్పాడు.

"సార్, పంపింది నేను" అన్నాను.

"ఎవరు కాదన్నారు? నీ కాగితమే ఇది" అని బల్ల మీదనుంచి తీసి చూపించాడు. పై వాక్యం కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు. "దారి చూపించింది నేనని నువ్వే రాశావు. చూపించినవాణ్ణి పిలవడం సబబే కదా?"

ఆయన ఎగతాళి చేయలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కాగితంలో టైపు కొట్టి ఉన్న మాట చూసి, ఎప్పుడో తనే ఏదో చెప్పి ఉంటానని మనస్ఫూర్తిగా నమ్మేశాడు. మాట్లాడేది నేనని కమిటీకి ఒక్క ముక్క రాయండి సార్ అని బతిమాలాను. వాళ్ళు పిలిచిన మనిషిని మార్చమనడం మర్యాద కాదన్నాడు. "నువ్వూ రా. నేను మాట్లాడేటప్పుడు తీగల పటాలు తగిలించడానికి నువ్వైతే బాగుంటుంది" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. సరే సార్ అని బయటికొచ్చాను.

ఇంట్లో అత్త నా ముఖం చూసి విషయం పట్టేసింది. నేను చెప్పలేదా అంటుందనుకున్నాను. అనలేదు. కంచం ముందు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. నాయనకి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికే ఆయన ఊరంతా చాటేశాడు. మావాడు మద్రాసులో దొరల ముందర మాట్లాడతాడంట అని తిరుత్తణి సంతలో కనబడినవాడికల్లా చెప్పాడు. సభ రోజు పొద్దున ఉతికిన పంచె, కొత్త తువ్వాలుతో, ఆఫీసరుకి ఇవ్వడానికి వేయించిన వేరుశనగకాయల సంచితో రైలు దిగాడు.

ఆయన్ని హాల్లో వెనక వరసలో కూర్చోబెట్టి నేను వేదిక పక్కకి పోయాను. ఆఫీసరు బాగా మాట్లాడాడు. అంత బాగా నేను మాట్లాడగలిగేవాణ్ణి కాదేమో, కానీ అది తేల్చుకునే అవకాశం నాకు రాలేదు. మూటల సంగతి కూడా చెప్పాడు. "మా పల్లెల్లో ఒక ఆచారముంది" అని మొదలుపెట్టాడు. మద్రాసులో మైలాపూరు దాటి పల్లె ముఖం చూడని మనిషి! జనం ముచ్చటపడి నవ్వారు. నేను ఒక పటం దించి ఇంకో పటం తగిలించాను. చివరిలో, పటాలు గీసిపెట్టిన మా సెక్షను కుర్రాడికి కూడా నా ధన్యవాదాలు అన్నాడు. చప్పట్లు మోగాయి.

అందరూ కాఫీలకి లేచారు. నాయన నా దగ్గరికొచ్చి, "నువ్వెప్పుడు లేస్తావురా?" అన్నాడు.

"అయిపోయింది నాయనా."

"ఏంది అయిపోయింది? నువ్వు నోరే తెరవలేదే!"

"ఆయన చెప్పిందే నాది. పైన పెట్టమన్నావే ఆ మాట, దాన్ని నిజమనుకుని ఆయన్ని పిలిచినారు" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. ఆయన ముఖం చూశాక అనలేకపోయాను.

నాయన సంచి నా చేతికిచ్చి, నేరుగా ఆఫీసరు దగ్గరికి నడిచాడు. అక్కడ కోట్లు వేసుకున్నవాళ్ళు చుట్టూ చేరి ఆయన్ని పొగుడుతున్నారు. నేను తువ్వాలు పట్టుకుని లాగాను, ఆగలేదు. జీవితంలో పెద్దవాళ్ళ ముందు గొంతెత్తని మనిషి, అంతమందిలో నిలబడి అన్నాడు: "అయ్యా, ఒక మాట. ఆ మాట మావాడు రాసింది కాదు, నేను రాయించినా. మరియాదకని మా పక్క అట్లా అంటాం. పనంతా మావాడిదే అయ్యా. మీరు ఒక్క మాట ఈళ్ళకు చెప్పండి." తెలుగులో అని, అర్థం కాలేదేమోనని అదే తమిళంలో మళ్ళీ అన్నాడు.

ఆఫీసరు చల్లగా నవ్వాడు. నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "తెరియుమ్ పెరియవరే, తెరియుమ్. నల్ల పయ్యన్" అని, తెలుసు పెద్దాయనా, మంచి కుర్రాడు అన్నట్టు తలూపి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "తప్పు తన మీద వేసుకుని కొడుకుని ఎలా మెచ్చుకుంటున్నాడో చూడండి. ఇలాంటి ఇంట్లో పుట్టబట్టే ఆ కుర్రాడికి అంత వినయం" అన్నాడు. వాళ్ళందరూ మంచిగానే తలలూపారు. ఒకాయన నాయనకి కాఫీ తెప్పించాడు. నాయన ఇంకేదో చెప్పబోయాడు. అంతలో ఆయన రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచి దణ్ణం పెట్టాయి. ఆఫీసరు మీద కంటే ఆ చేతుల మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

సాయంత్రం ఇద్దరం ఒకే రైలెక్కాం. తిరువళ్ళూరులో నేను దిగిపోయాను. ఆయన అదే రైల్లో తిరుత్తణికి పోయాడు.

తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. వీధి మొదట్లోనే మా పక్కింటాయన పొలంనుంచి వస్తూ ఎదురుపడి, "ఏమబ్బా, శానా బాగా మాట్లాడినావంటనే!" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "మీ నాయన చెప్పినాడులే. హాలంతా ఒకటే చప్పట్లంట. దొరలంతా లేచి నిలబడినారంట. మీ నాయనకు కాఫీ గూడా పోసినారంట. మేమేమో నిన్ను చిల్లులోడని ఎక్కిరించినాం, మనసులో పెట్టుకోవద్దప్పా." ఆయన గొంతు విని ఇంకో ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. ఏం మాట్లాడినావో మాకూ రొంత చెప్పు అన్నారు.

నాయన మా ఇంటి అరుగు మీద కూర్చుని వేరుశనగ ఒలుస్తున్నాడు. అంతా వినబడుతూనే ఉంది. తల ఎత్తలేదు, ఒలవడం మాత్రం ఆపేశాడు.

"అవునన్నా, బాగానే మాట్లాడినా" అన్నాను.