గురుసామి మామ గుర్రాలు

ఈ పుస్తకం వాసన నాకు పడలేదు. గట్టి అట్ట, నున్నటి కాగితం, తెరిస్తే కొత్త చెప్పుల దుకాణంలో అడుగుపెట్టినట్టుంది. ఆ ప్రెస్సువాళ్ళు విరుదునగర్‌లో కల్యాణమండపం పట్టి, శాలువాలు కప్పుకొని, మా చిన్నప్పటి బొమ్మల కథలను మళ్ళీ అచ్చువేశామని చంకలు గుద్దుకున్నారు. ఆ అట్ట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కథల అసలు వాసన నాకు తెలుసు. తిరుత్తంగల్‌లో గురుసామి మామ, అంటే మా అమ్మకు అన్న, వసారాలో చెక్కపలక మీద కాగితం బిగించి బొమ్మలు వేస్తుంటే నల్ల సిరా, నమిలిన వక్కాకు, పక్కింటి టపాకాయల మందు అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. కుంచె కొనను నాలుకతో తడిపి సన్నం చేసేవాడు కాబట్టి ఆయన నాలుక ఎప్పుడూ నల్లగానే ఉండేది. దీపావళికి కోవిల్‌పట్టి నుంచి మేము అక్కడికే పోయేవాళ్ళం. అత్త అతిరసాలు వేయించే పొయ్యి పక్కన నూనె చేతులతో కూర్చుని, అరవంలో ఉన్న ఆ కథలను కూడబలుక్కుంటూ చదివి, చదువు రాని అమ్మకు మా ఇంటి తెలుగులో చెప్పేవాళ్ళం. అమ్మ వినేది తక్కువ, అన్న వేసిన బొమ్మల మీద వేలు పెట్టి తడిమేది ఎక్కువ.

కథలేమో ఎక్కడో దూరదేశపు గుర్రపు వీరులవి. మామ వేసే ఎడారిలో మాత్రం మా ఊరి తుమ్మచెట్లూ తాటిచెట్లూ ఉండేవి. గుర్రాల గిట్టలు ఎద్దు గిట్టల్లాగా రెండుగా చీలి ఉండేవి. బళ్ళో పిల్లలు పగలబడి నవ్వితే నేను ఏడుస్తూ వచ్చి మామను నిలదీశాను.

"గుర్రాన్ని నేను యాడ దగ్గరగా చూసినాను పాపా? ఎద్దుల్నే చూసినా. మన కరిసకాడు వానకి నానిందంటే కాలు చీలిండేదే నడస్తాది. గుండ్రం కాలుది దిగబడి చస్తాది" అన్నాడు. కరిసకాడు అంటే మా నల్లరేగడి చేను. ఆ మాటతో నా ఏడుపు ఆగింది.

ఆ కథలు అచ్చువేసే ప్రెస్సు యజమాని బొమ్మల కింద మామ సంతకం కనిపిస్తే చాలు, దాని మీద తెల్లరంగు పూయించేవాడు. గిట్టలను పట్టించుకునే కన్ను అతనికి లేదు కాబట్టి అవి మిగిలాయి. అమ్ముడుపోని పుస్తకాలను చింపి టపాకాయల గొట్టాలు చుట్టడానికి ఇచ్చేసేవాడు. పండగ మర్నాడు పొద్దున్నే వీధంతా కాలిన కాగితం ముక్కలు పడి ఉంటే మేము వంగి ఏరుకునేవాళ్ళం. ఎక్కడైనా చీలిన గిట్ట దొరికితే మామదని కేకలు వేసేవాళ్ళం. తన బొమ్మ పేలి చిరిగిపోయిందని బాధైనా లేకుండా మామ గడపలో నిలబడి నవ్వేవాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకిప్పటికీ కోపమే. పోట్లాడాల్సిన మనిషి నవ్వి ఊరుకున్నాడు, తన పేరు అచ్చులో చూసుకోకుండానే పోయాడు.

ఇప్పుడీ పుస్తకంలో ముందుమాట రాసినవాడి పేరుంది, కాగితం అమ్మినవాడి పేరు కూడా ఉంది. మామ పేరు లేదు. మండపంలో ఆ యజమాని మనవడిని పట్టుకుని అడిగాను. "ఆ కాలంలో అన్నీ తప్పులే ఆంటీ. కంప్యూటర్‌లో శుభ్రంగా సరిచేశాం, చూడండి" అంటూ గర్వంగా పుట తిప్పాడు. గుర్రాలన్నిటికీ గుండ్రటి గిట్టలు. ఆ మనవడి చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మ కోసం ఒకటి కొనుక్కుని వచ్చేశాను.

అమ్మకు చూపు మందగించింది. పుటను కంటికి ఆనించుకుని, గుర్రం కాళ్ళ మీద వేలు పెట్టి తడిమింది.

"ఇది మా అన్న గుర్రం కాదే. ఎవురిదో" అని పుస్తకం నా ఒళ్ళోకి తోసేసింది.

పేరు ఎప్పుడూ లేదు. చదువు రాని మా అమ్మకు అన్నను గుర్తుపట్టడానికి మిగిలిన ఆ ఒక్క ఆనవాలునూ వీళ్ళు తుడిచేశారు. నేను నల్ల పెన్ను తీసుకుని, ప్రతి పుటలోనూ ప్రతి గిట్టనూ రెండుగా చీల్చాను. కోపంలో నున్నటి కాగితం అక్కడక్కడా చిరిగింది, చిరగనీ. అమ్మ మళ్ళీ పుస్తకం అందుకుని, వేలు పెట్టి చూసుకుంది.

"ఇప్పుడు నడస్తాది" అంది.

తిరుత్తంగల్‌లో ఆ వసారా లేదు, ఆ చెక్కపలక ఎవరి పొయ్యిలోకి పోయిందో తెలియదు. దుకాణాల్లో ఉన్న మిగతా పుస్తకాల్లో మామ గుర్రాలన్నీ గుండ్రటి గిట్టలతోనే నిలబడి ఉన్నాయి. వాన పడనీ, దిగబడి చస్తాయి.